కంటిమందుకు సాక్షి

డాక్టర్ పినాక్ చెప్పిన మాటను ఐవొరీన్ రెండు రోజులుగా మింగలేక, కక్కలేక తిరుగుతోంది.

శుక్రవారం పొద్దున చర్చికి పెట్టుకునే ఊదారంగు టోపీ పెట్టుకుని, చేతిసంచిలో తన కంటిమందు సీసా వేసుకుని ఆమె మాండెవిల్ కంటి ఆసుపత్రికి వెళ్ళింది తగువుకు కాదు, గెలుపు చూపించుకోవడానికి. పచ్చి గంజాయి ఆకును తెల్ల రమ్ములో నానబెట్టి తీసిన ఆ మందుతోనే, కంట్లో ఒత్తిడి పెరిగి చూపు పోగొట్టే గ్లాకోమా పట్టిన తన మొగుడు లిన్వల్ కళ్ళు నిలబడ్డాయని, "ఇంటిమందులతో చెలగాటాలొద్దు" అని ఒకప్పుడు తనను కసిరిన డాక్టరమ్మ మొహం మీదే చెప్పి రావాలనుకుంది. డాక్టరమ్మ అంతా విన్నది. సీసా మూత తీసి వాసన చూసింది. మూత పెట్టేసి, "లిన్వల్‌కి బాగా కనిపిస్తోందని నీకెవరు చెప్పారు?" అని అడిగింది.

అతని కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమ కంట్లో మిగిలింది నడిమి చూపు మాత్రమే, సన్నటి గొట్టంలోంచి చూస్తే ఎంత కనబడుతుందో అంత. పోయిన నెల ఒంటరిగా వచ్చి పరీక్ష చేయించుకుని, ఇంట్లో చెప్పొద్దని బతిమాలి వెళ్ళాడట.

"నేను చెప్పకూడదు, నిజమే," అంది డాక్టరమ్మ. "కానీ అతను బస్సు నడుపుతాడు. నేనూ రోజూ ఆ స్పర్ ట్రీ కొండ దిగి ఇంటికెళ్ళేదాన్నే."

"మన యూనివర్సిటీ వాళ్ళు ఈ ఆకులోంచే కదా కంటిచుక్కలు తీశారు!" అని ఐవొరీన్ ఎదురు తిరిగింది.

"తీశారు. ఏళ్ళ తరబడి కూర్చుని, శుద్ధి చేసి, పాళ్ళు కొలిచి తీశారు. నీ సీసాలో ఏది ఎంతుందో నీకు తెలుసా? ఆకు ఒత్తిడి తగ్గించదని నేననను. తగ్గిస్తుంది, మూడు నాలుగు గంటలు. తర్వాత మళ్ళీ ఎక్కి కూర్చుంటుంది. పగలంతా రాత్రంతా మనిషికి తాగిస్తూనే ఉంటావా? తాగించినా ఆ మత్తులో స్టీరింగ్ పట్టుకోగలడా?" డాక్టరమ్మ గొంతులో గెలిచిన సంబరమేమీ లేదు. "మా దగ్గర చుక్కలు నిండుకున్న రోజుల్లో నువ్వు సీసా పట్టావు. తప్పంతా నీదేనని అనను. కానీ పోయిన చూపు ఇక తిరిగి రాదు."

ఐవొరీన్ నమ్మలేదు. నమ్మకుండానే బస్సెక్కి ఇంటికొచ్చింది. శనివారమంతా నమ్మకుండానే ఇల్లు కడిగింది, తెరలు ఉతికింది. ఆదివారం చర్చిలో లిన్వల్ ముందుకెళ్ళి నిలబడి, కళ్ళజోడు లేకుండా కీర్తన గడగడా చదువుతుంటే, డాక్టరమ్మ మీద అక్కసుతో ఆమె కళ్ళు చెమర్చాయి. అంత చిన్న అక్షరాలు చదివేవాడు గుడ్డివాడెలా అవుతాడు? ఆ మాట అన్నవాళ్ళ కళ్ళే పరీక్ష చేయించాలి.

అయినా ఇంటికొచ్చి వంట చేస్తున్నంతసేపూ ఆమె చేతులు వేరే ఏదో ఆలోచిస్తున్నాయి.

కొబ్బరిపాలల్లో రాజ్మా వేసి వండిన అన్నం, కోడి పులుసు, వేయించిన అరటిపండు ముక్కలు. ఆదివారపు భోజనం. ఎప్పుడూ క్యారెట్ రసం గ్లాసు అతని కంచానికి ఎదురుగా పెట్టే మనిషి, ఇవాళ కుడిపక్కకి జరిపి పెట్టింది. ఎందుకు పెట్టిందో తనకే చెప్పుకోలేదు.

లిన్వల్ నాలుగు ముద్దలు తిన్నాడు. చెయ్యి కంచం ముందుకి వెళ్ళింది. బల్లగుడ్డ మీద ఖాళీగా తడిమింది.

"రసం పొయ్యలేదా ఇవాళ?"

"పోశాను."

అతను మెడ మొత్తం తిప్పాడు. ముందు ఎడమకి, తర్వాత మెల్లగా కుడికి. అప్పుడు దొరికింది గ్లాసు. "ఆఁ, ఇదిగో," అన్నాడు, తనే ఎక్కడో పెట్టి మర్చిపోయినట్టు.

ఆ మెడ తిప్పడం ఆమె చాలాసార్లు చూసింది. డ్రైవర్ల అలవాటు అనుకుంది. బండి అద్దాలు చూసి చూసి మనిషికి మెడ అలా తయారైందని ఒకసారి నవ్వింది కూడా.

ఐవొరీన్ చప్పుడు కాకుండా కుర్చీలోంచి లేచింది. బల్ల చుట్టూ నడిచి వచ్చి అతని కుడి భుజం పక్కన నిలబడింది. ఒంటి మీద గరగరలాడని పాత నూలు గౌను. ఆమె చెయ్యి చాపితే అతని చెవి తగులుతుంది.

లిన్వల్ కంచంలోంచి తలెత్తకుండా మాట్లాడుతున్నాడు. "పాస్టరు ఇవాళ మరీ సాగదీశాడు కదూ ఐవీ? వెనక బెంచీలో గురకలు వినబడ్డాయి. నీ మందు సంగతి మళ్ళీ ఎత్తాడు చూశావా? మొదట్లో 'రమ్ము ముట్టుకున్న ఇల్లు సైతాను ఇల్లు' అన్న పెద్దమనిషి! వాళ్ళమ్మకి సీసా ఇచ్చేసరికి అదే దేవుడిచ్చిన మూలికైంది..." నవ్వాడు. ఆమె నవ్వు వినబడలేదు. తలెత్తాడు. ఎదురుగా ఖాళీ కుర్చీ.

"ఐవీ? ఎటు పోయావ్?"

"ఇక్కడే ఉన్నాను," అంది ఐవొరీన్, అతని చెవి పక్కనే.

లిన్వల్ ఉలిక్కిపడ్డాడు. చేతిలో ఎముక కంచంలో పడింది. పులుసు చొక్కా మీద చిందింది. మెడ తిప్పి ఆమెను వెతికి పట్టుకునేదాకా అతని మొహంలో ఉన్నది భయం. ఇన్నేళ్ళ కాపురంలో తనను చూసి అతను భయపడడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

డాక్టరమ్మ చెప్పిన ప్రతి మాటనూ ఆ మొహం ఒప్పేసుకుంది.

ఐవొరీన్ తన కుర్చీలోకి తిరిగి వెళ్ళలేదు. అక్కడే నిలబడి, "ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగింది.

"ఏంటి ఎన్నాళ్ళ నుంచి?"

"నాతో ఆటలాడకు లిన్. మాండెవిల్ వెళ్ళొచ్చాను."

అతను చొక్కా మీది పులుసును తుడుచుకుంటూ చాలాసేపు ఉన్నాడు. మరక ఒకచోట, తుడుస్తున్నది ఒకచోట. "ఆ డాక్టరమ్మ నోరు ఊరుకోదు," అన్నాడు చివరికి.

"ఆవిడ నోటి సంగతి తర్వాత. బండి నిండా జనాన్ని కూరుకుని ఆ కొండ దిగుతున్నావు. పసిపిల్లలు, బడిపిల్లలు, సంతకెళ్ళే ముసలమ్మలు. ఎలా దిగుతున్నావు?"

"ఎదురుగా రోడ్డు కనబడుతుంది. అది చాలు. ఆ కొండ నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. ఎడంపక్క స్టెడ్మన్ చూసుకుంటాడు. తలుపు దగ్గర నిలబడి 'ఖాళీ డ్రైవర్, రా డ్రైవర్' అంటాడు. కండక్టరు అన్నాక వాడు చెయ్యాల్సిందే అది."

"స్టెడ్మన్‌కి తెలుసా?"

"తెలుసు."

"వాడికి తెలుసు. నాకు తెలీదు. సరే, ఎడంపక్క స్టెడ్మన్ చూస్తాడు. కుడిపక్క?"

"కుడిపక్క దేవుడు చూస్తాడు."

"మొన్న నీ కుడి అద్దం ఊడగొట్టుకుపోయిన వ్యానుని కూడా దేవుడే చూశాడా? వాడిదే తప్పని ఊరంతా తిట్టి వచ్చావే! నేనూ నీతో కలిసి తిట్టానే! ఆ వ్యాను వాణ్ణి సంత నడిబజార్లో చెడామడా దులిపేశాను, 'నీకు కళ్ళున్నాయా' అని. కళ్ళున్నాయా అని అడిగాను లిన్. వాణ్ణి."

లిన్వల్ కంచాన్ని కొంచెం పక్కకి జరిపాడు.

"రోజూ పొద్దున నా చేతుల్లోంచి చెంచా తీసుకుని తాగేవాడివి. తాగి, కిటికీలోంచి చూసి, 'అద్దం తుడిచినట్టుంది ఐవీ' అనేవాడివి. ఏం చూసి అన్నావు ఆ మాట?"

"మొదట్లో నిజంగానే అన్నాను. తాగితే నుదురు తేలికయ్యేది. తేలికైందంటే తగ్గిందనుకున్నాను. కన్ను నొప్పి పెట్టి పోదు ఐవీ. అంచుల నుంచి ఎవరో దీపాలు ఆర్పుకుంటూ వచ్చినట్టు పోతుంది. ఆరిన దీపం ఎక్కడుండేదో కూడా తెలీదు. తెలిసేసరికి..." అతను చెయ్యి విదిలించాడు. "తెలిసేసరికి నువ్వు సిస్టర్ ఐవొరీన్ అయిపోయావు."

"అంటే?"

"అంటే ఏముంది. ఇదివరకు నువ్వు డ్రైవర్ పెళ్ళానివి. ఎవరైనా 'ఏమ్మా, బస్సెప్పుడొస్తుంది' అని అడిగేవాళ్ళు నిన్ను. నేను చర్చిలో లేచి సాక్ష్యం చెప్పిన రోజు నుంచి మాల్వర్న్ నుంచి, సౌత్‌ఫీల్డ్ నుంచి జనం వస్తున్నారు. పోలీసాయన కూడా మన పెరట్లో గంజాయి మొక్కలు చూసి టోపీ తీసి పలకరించి పోతున్నాడు. నీ నడకే మారిపోయింది. చెబుదామనుకున్నాను. చాలాసార్లు నోటిదాకా వచ్చింది. నీ మొహం చూసి ఆగిపోయాను. అప్పటికింకా నీ మొహం మొత్తం కనబడేది నాకు. ఇప్పుడు కళ్ళు చూస్తే నోరు కనబడదు, నోరు చూస్తే కళ్ళు కనబడవు."

ఇంకో రోజైతే ఆ మాటకి ఐవొరీన్ కరిగిపోయేదేమో. ఇవాళ ఒళ్ళు మండింది.

"ఓహో! నా మీద ప్రేమతో గుడ్డివాడివయ్యావన్నమాట. ఆ మూట తెచ్చి నా నెత్తిన పెడతావా? అబద్ధం చెప్పమని నేనడిగానా?"

"నిజం చెప్పమనీ అడగలేదు." లిన్వల్ కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "ఒక్కసారన్నా 'ఎలా ఉంది లిన్' అని అడిగావా? 'బాగుంది కదూ లిన్' అని అడిగేదానివి. సీసా చేతిలో పట్టుకుని, నవ్వుతూ. దానికి జవాబు ఒకటే ఉంటుంది."

ఐవొరీన్ నిజంగానే అలాగే అడిగేది. అడిగిన తీరు, నిలబడిన చోటు, చేతిలో చెంచా, అన్నీ కళ్ళకి కట్టాయి.

"చుక్కలు?" అంది చిన్న గొంతుతో. "ఆసుపత్రిలో చుక్కలు మళ్ళీ వచ్చాయి కదా. తెచ్చుకున్నావా?"

"తెచ్చుకున్నాను. బండిలో సీటు కింద దాచుకున్నాను. ఎండకి ఉడికిపోయేవి. ఒకరోజు వేసుకుంటే మూడ్రోజులు మర్చిపోయేవాణ్ణి. దొంగతనంగా వేసుకునే మందు ఏం పనిచేస్తుంది? ఇంట్లో పెట్టుకుందామంటే నువ్వే కదా అందరికీ చెప్పేదానివి, రెండు మందులు కలిపితే ఆకుకి కోపమొస్తుందని, పని మానేస్తుందని."

"అది... మా అమ్మమ్మ అనేది అలాగ."

"మీ అమ్మమ్మ అనేది. నువ్వు అన్నావు. జనం విన్నారు."

ఆ 'జనం విన్నారు' అన్న మాట దగ్గర ఐవొరీన్‌కి ఇంకో సంగతి తట్టింది. ఇంతసేపూ ఆమె కళ్ళ ముందు మొగుడొక్కడే ఉన్నాడు. అతని వెనక వరసగా ఇంకా మొహాలున్నాయని అప్పుడు తోచింది. పైసా తీసుకోకుండా సీసాలు పంచింది తను. డబ్బు తీసుకోనందుకే మందుకి మరీ విలువొచ్చింది. ఎవరెవరికిచ్చిందో తలుచుకోబోయి, తలుచుకోవడానికి ధైర్యం చాలక బల్ల అంచు పట్టుకుంది.

"రేపే ఒక్కొక్కరింటికీ వెళ్తాను," అంది. "సీసా ఆపమని చెబుతాను. చుక్కలు వేసుకోమని చెబుతాను. నువ్వు బండి తాళాలు నాకిచ్చెయ్."

"తాళాలిచ్చి తినేదేంటి? పెరట్లో వేసిన ఉల్లికాడలా? వానలు లేక అవీ ఎండిపోయె." లిన్వల్ గొంతు పెరిగింది. తర్వాత హఠాత్తుగా తగ్గింది. "వెళ్ళాలనుకుంటే ముందు మీ అక్క దగ్గరికి వెళ్ళు."

"యూలలీనా? అక్క ఎందుకు? అదే జబ్బున్నా అక్క చుక్కలు మానలేదు. సీసా ఏదో మాటవరసకి పట్టుకెళ్ళింది. అది ఎవరి మాటా వినే మనిషి కాదు."

"నీ మాట వినదు," అన్నాడు లిన్వల్. అంతే అని, గోడ మేకుకున్న తాళాల వైపు మెడ తిప్పాడు.

"లిన్. అక్కకి నువ్వేం చెప్పావు?"

అతను జవాబిచ్చేలోపు గేటు గొళ్ళెం చప్పుడైంది.

"ఐవీ! ఇంట్లో ఉన్నారా, ఆదివారం తిండి తిని పడుకున్నారా? అన్నం మిగిల్చారా మాకేమన్నా?"

యూలలీ గొంతు రోడ్డు అవతలికి కూడా వినబడుతుంది. చర్చి పాటగాళ్ళ గౌనులన్నీ ఆమె కుట్టినవే, పాటలో అందరికంటే ఎత్తు గొంతూ ఆమెదే. ఐవొరీన్ వరండాలోకి వచ్చింది. అక్క ఒంటరిగా రాలేదు. వెంట ఇద్దరు ఆడవాళ్ళున్నారు. ఒకామె లావుపాటి పెద్దావిడ, మాల్వర్న్ చర్చి సంఘంలో మనిషి, మిస్ ఫిల్బర్తా. రెండో ఆమె సన్నగా, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, మిస్ ఫిల్బర్తా మోచెయ్యి పట్టుకుని నడుస్తోంది. ముగ్గురి చేతుల్లోనూ ఖాళీ సీసాలు.

"నీ కోసం మనుషుల్ని తెచ్చాను," అంది యూలలీ, మెట్టు దగ్గర ఆగి. "ఈమె మిస్ ఫిల్బర్తా చెల్లెలు. పాపం ఆసుపత్రి వాళ్ళు కోస్తామంటున్నారట కన్ను. కొయ్యడమేంటి, కోడిపిల్లా! మా ఐవీ ఉండగా కత్తెందుకు, పదండి అన్నాను."

లిన్వల్ గుమ్మంలోకి వచ్చి ఐవొరీన్ వెనక నిలబడ్డాడు. ఆమె చెవిలో, ఊపిరంత మెల్లగా, "ఈ ఒక్కసారికి ఊరుకో ఐవీ. రేపు ఇద్దరం కలిసి ఆలోచిద్దాం," అన్నాడు.

ఊరుకోవడం ఎంత తేలికో ఆ క్షణంలో ఐవొరీన్‌కి తెలిసింది. మిస్ ఫిల్బర్తా తన వైపు చూస్తున్న చూపులో ఎంత మర్యాద ఉంది! ఆ నల్లద్దాలామె ఎంత ఆశగా మొహం ఎత్తింది! లోపలికెళ్ళి జాడీలోంచి నింపి ఇస్తే చాలు. వాళ్ళు దణ్ణం పెట్టి వెళ్ళిపోతారు. రేపు అన్నది ఉండనే ఉంది. ఆమె చెయ్యి తనంతట తానే ముందుకి చాచుకుంది, సీసా అందుకోవడానికి.

"వీళ్ళకి ఒకటే అనుమానం," అంటోంది యూలలీ. "చుక్కలు మానొచ్చా అని. నన్ను చూడండి అన్నాను. ఈస్టర్ పోయాక నా చుక్కల సీసాలన్నీ పట్టుకెళ్ళి పాయిఖానా గుంటలో పారేశాను. ఇదిగో, ఈ లిన్‌నే అడిగాను ముందు. 'నువ్వు చుక్కలు వేసుకుంటావా' అంటే 'ముట్టుకోను, సీసా ఒక్కటే' అన్నాడు. బస్సు నడిపే మనిషికే చాలినప్పుడు సూదిలో దారం ఎక్కించుకునే నాకు చాలదా?"

ఐవొరీన్ చాచిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఆమె వెనక్కి తిరిగి మొగుణ్ణి చూసింది. అతను ఆమె వైపు చూడలేదు. చూసినా ఏ కొంచెం కనబడేదో.

"నిజమేనా బ్రదర్ లిన్వల్?" అని అడిగింది మిస్ ఫిల్బర్తా. "నీ నోట వింటే మా చెల్లికి ధైర్యంగా ఉంటుంది."

లిన్వల్ గొంతు సవరించుకున్నాడు. చర్చిలో లేచి నిలబడినప్పటిలాగే భుజాలు సరిచేసుకున్నాడు. "ప్రభువుకి స్తోత్రం," అన్నాడు. "నిజమే తల్లీ. నా కళ్ళు నిలబెట్టింది ఆ సీసానే. మీరు ముగ్గురూ ఇక్కడ ఎంత స్పష్టంగా—"

"అబద్ధం."

ఐవొరీన్ గట్టిగా అనలేదు. అయినా అందరికీ వినబడింది.

"ఏంటే?" అంది యూలలీ.

"ఆయన చెప్పేది అబద్ధం అక్కా. ఆయనకి ఒక కన్ను పూర్తిగా లేదు. రెండోది పోతోంది. నా మందు ఆయన్ని కాపాడలేదు. కాపాడుతోందనుకుని ఊరంతా డప్పు కొట్టాను. మిస్ ఫిల్బర్తా, మీ చెల్లెల్ని ఇప్పుడే వెనక్కి తీసుకెళ్ళండి. ఆసుపత్రిలో ఏం చెబితే అది చేయించండి. అక్కా, నువ్వు రేపు పొద్దున నాతో మాండెవిల్ వస్తున్నావు."

నల్లద్దాలామె తన అక్క మోచేతిని ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది. మిస్ ఫిల్బర్తా ఒక అడుగు వెనక్కి వేసింది. ఆవిడ చూపులోని మర్యాద అప్పుడే మాయమైంది. దాని చోటికి వచ్చినదాన్ని ఐవొరీన్ గుర్తుపట్టింది. మొన్న సంతలో ఆ వ్యాను వాణ్ణి తను చూసిన చూపు అది.

అందరికంటే ముందు పేలింది యూలలీ.

"నీకు మతి పోయిందా? పదిమందిలో మొగుణ్ణి గుడ్డివాడంటావా? పొద్దున చర్చిలో అంత కీర్తన చదివాడే, నేను వినలేదా? ఆ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళావటగా శుక్రవారం. టోపీ పెట్టుకుని వెళ్ళావని ఊరంతా తెలుసులే. ఏం మంత్రం వేసింది నీకు? వాళ్ళ చుక్కలు ఎవరూ కొనడం లేదని ఏడుపు వాళ్ళది. నువ్వు పోయి వాళ్ళ వంత పాడుతున్నావు. ఇంట్లో మనిషి పరువు తీసి!"

"అక్కా, నేను చెప్పేది విను. నీ కళ్ళు—"

"నా కళ్ళకేం? నా కళ్ళు బంగారంలా ఉన్నాయి!"

ఐవొరీన్ వెనక గోడ మేకు మీద తాళాలు గలగలలాడాయి. ఆమె తిరిగేసరికి లిన్వల్ ఆమెను భుజంతో నెట్టుకుని మెట్లు దిగుతున్నాడు. అతని మొహం బూడిదరంగులోకి మారిపోయింది. పెదవులు బిగిసి ఉన్నాయి.

"గుడ్డివాణ్ణా నేను?" అన్నాడు ఎవరితోనో. "గుడ్డివాణ్ణా? మాల్వర్న్ దాకా దింపి వస్తాను మిమ్మల్ని. ఎక్కండి. ఎక్కి చూడండి ఎవరు గుడ్డివాడో."

"లిన్!" ఐవొరీన్ అతని చొక్కా పట్టుకోబోయింది. విదిలించుకున్నాడు. రేకుల షెడ్డు కింద ఉన్న బస్సు వైపు నేరుగా, తడబడకుండా నడిచాడు. ఈ పెరట్లో ప్రతి రాయీ అతని పాదాలకి తెలుసు.

"నేను రాను," అంది మిస్ ఫిల్బర్తా. చెల్లెలి చెయ్యి పట్టుకుని గోడ వారకి జరిగింది.

"నేనొస్తాను!" అంది యూలలీ. ఖాళీ సీసా మెట్టు మీద టక్కున పెట్టింది. "నా మరిదిని నేను నమ్ముతాను. నువ్వు నమ్మకపోతే నీ ఖర్మ. పద లిన్, నేను ముందు సీట్లో కూర్చుంటాను. ఎవరేం చూస్తారో చూద్దాం."

"అక్కా, వద్దు. స్టెడ్మన్ కూడా లేడు. ఎడంపక్క చూసేవాళ్ళు కూడా లేరు. అక్కా!"

యూలలీ వినలేదు. బస్సు తలుపు దగ్గరికి వెళ్ళి కాలెత్తింది. పాదం మెట్టు మీద పడలేదు, గాల్లోంచి కిందికి జారింది. చేత్తో తలుపు రేకు మీద అటూ ఇటూ తడిమి, కడ్డీ దొరకబుచ్చుకుని, రెండోసారి కాలెత్తి మెట్టు వెతుక్కుని ఎక్కింది.

ఐవొరీన్ అదంతా కళ్ళారా చూసింది. వరండా స్తంభం పట్టుకుని నిలబడిపోయింది. ఇది కూడా అక్క తనకి చెప్పలేదా, లేక అక్కకే తెలీదా?

ఇంజను ఒకసారి దగ్గి అందుకుంది. గేటు బార్లా తెరిచి ఉంది. గేటు దాటితే రోడ్డు, రోడ్డు ఎక్కితే పల్లం. ఆదివారం మధ్యాహ్నం ఆ పల్లంలో జనం గుంపులుగా నడిచి ఇళ్ళకి వెళ్తుంటారు, రోడ్డుకి రెండు పక్కలా.

ఐవొరీన్ చెప్పులు వదిలేసి పరిగెత్తింది. ఎర్రమట్టి కాళ్ళకి చురుక్కుమంటోంది. బస్సు కంటే ముందు గేటు చేరి, రెండు చేతులూ చాచి నిలబడింది. అప్పుడు గుర్తొచ్చింది, ఒక పక్కగా నిలబడితే అతనికి తను లేనట్టే. అతని సీటు ఉన్న వైపుకి ఒక అడుగు జరిగింది. మళ్ళీ అరడుగు వెనక్కి జరిగింది. అతని ఎడమకన్ను ఎక్కడుంటుందో, అందులో మిగిలిన ఆ కాస్త చోటు ఎక్కడ పడుతుందో ఊహించుకుంటూ, అందులో ఇమడడానికి తన ఒంటిని అటూ ఇటూ సర్దుకుంది.

బస్సు ముందద్దం మీద ఎండ పడి తళతళలాడుతోంది. దాని వెనక మనిషి మొహం ఆమెకి కనబడలేదు.

"లిన్!" అని అరిచింది. ఇంజను మోతలో ఆమె గొంతు ఆమెకే వినబడలేదు.

గేరు పడిన చప్పుడైంది. బస్సు కదిలింది.